డీజిల్ కారులో ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సర్: పరీక్షించడం, మార్చడం – తరచుగా అడిగే ప్రశ్నలు

స్కానర్ పెట్టారు, కోడ్ వచ్చింది, సెన్సర్ పోయిందన్నారు. కొత్తది వేశాక నాలుగు రోజులు బాగానే ఉంది, తర్వాత లైటు మళ్లీ వెలిగింది. ఈ సెన్సర్ గురించి అడిగేవాళ్లలో చాలామంది గోడు ఇదే. తప్పు వైరింగ్‌లో ఉన్నా, కొలిచి చూడకుండా సెన్సర్‌ని విప్పేయడం మామూలైపోయింది. అందుకే కింది జవాబుల్లో విప్పడం కంటే ముందు కొలవడం గురించే ఎక్కువ ఉంటుంది.

ఈ సెన్సర్ ఎక్కడుంటుంది? ఇంజిన్‌కు దానితో పనేంటి?

ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే దారిలో రెండు మూడు చోట్ల, కొన్ని కార్లలో నాలుగైదు చోట్ల ఉంటాయి. ఒక్కో చోట ఒక్కో పని. టర్బోకు ముందున్నది టర్బోను కాపాడుతుంది. అక్కడి వేడి 800 డిగ్రీల సెల్సియస్ దాటి హద్దు మీరుతుంటే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) డీజిల్ తగ్గించేస్తుంది. ఆక్సిడేషన్ క్యాటలిస్ట్ ముందున్నది, ఆ క్యాటలిస్ట్ డీజిల్‌ని మండించగలిగేంత వేడెక్కిందా లేదా అని చెబుతుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ముందున్నదాన్ని చూసుకుంటూనే ఈసీయూ మసి కాల్చే పని నడుపుతుంది. ఆ పనికి 550 నుంచి 650 డిగ్రీల దాకా వేడి కావాలి. తక్కువైతే మసి కాలదు, మరీ ఎక్కువైతే ఫిల్టరే కరిగిపోతుంది లేదా పగులుతుంది. డీపీఎఫ్ తర్వాతున్నది లోపల మంట అదుపు తప్పలేదని చూసే కాపలాదారు. యాడ్‌బ్లూ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే యూరియా ద్రవం) వాడే కార్లలో ఎస్‌సీఆర్ (ఆ ద్రవంతో పనిచేసే క్యాటలిస్ట్) ముందు ఇంకొకటి ఉంటుంది. అక్కడ దాదాపు 200 డిగ్రీలు వస్తేగానీ ద్రవాన్ని చల్లరు.

అది పాడైతే నడిపేవాళ్లకు ఏం తెలుస్తుంది?

చాలాసార్లు ఇంజిన్ లైటు తప్ప ఏమీ తెలియదు. పికప్ అలాగే ఉంటుంది, పొగ కూడా రాదు. కొన్ని కార్లలో గ్లో ప్లగ్ గుర్తు మిణుకుమిణుకుమంటుంది. టర్బో ముందు సెన్సర్ పోతే ఈసీయూ జాగ్రత్త కోసం పవర్ తగ్గించేస్తుంది, బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఈడుస్తున్నట్టు ఉంటుంది.

అసలు నష్టం కంటికి కనిపించదు. వేడి ఎంతుందో నమ్మకంగా తెలియనప్పుడు ఈసీయూ మసి కాల్చే పనిని మొదలే పెట్టదు, లేదా మధ్యలో ఆపేస్తుంది. రోజూ తిరిగే బండిలో మసి మాత్రం రోజూ పేరుకుంటూనే ఉంటుంది.

లైటు వెలిగినా బండి నడపొచ్చా?

పవర్ తగ్గకపోతే, డీపీఎఫ్ లైటు వెలగకపోతే షెడ్డు దాకా, అవసరమైతే ఇంకో రెండు మూడు రోజులు నడపొచ్చు. నెలల తరబడి మాత్రం వద్దు. డీపీఎఫ్ లైటు కూడా వెలిగిందంటే ఇక ఆలస్యం చేయొద్దు.

స్కానర్‌లో వచ్చిన కోడ్‌కి అర్థమేంటి?

ఒకటో సెన్సర్‌కి పి0544, పి0545, పి0546. రెండో సెన్సర్‌కి పి2031, పి2032, పి2033. మూడో దానికి పి242ఎ, పి242సి, పి242డి. ప్రతి మూడింట్లో మొదటిది మొత్తంగా సర్క్యూట్ లోపం, రెండోది సిగ్నల్ తక్కువ, మూడోది సిగ్నల్ ఎక్కువ. పి2080, పి2084 లాంటివి వేరే జాతి. సర్క్యూట్ తెగలేదు, షార్ట్ కాలేదు, కానీ చెబుతున్న వేడి నమ్మేలా లేదని వాటి అర్థం.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సిగ్నల్ ఎక్కువ అంటే వేడి ఎక్కువని కాదు, వైరులో వోల్టేజ్ ఎక్కువని. ఈసీయూ తన లోపలి రెసిస్టర్ గుండా ఆ వైరుకు సుమారు 5 వోల్టులు ఇస్తుంది, సెన్సర్ దాన్ని కిందికి లాగుతుంది. సెన్సర్ లోపల తెగినా, వైరు తెగినా, కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఊడినా లాగేవాళ్లు లేక వోల్టేజ్ 5 దగ్గరే నిలబడుతుంది, సిగ్నల్ ఎక్కువ కోడ్ వస్తుంది. వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే వోల్టేజ్ సున్నాకు పడిపోతుంది, సిగ్నల్ తక్కువ కోడ్ వస్తుంది. అంటే కోడ్ చెప్పేది సర్క్యూట్‌లో ఏ రకం తేడా వచ్చిందని మాత్రమే. అది సెన్సర్‌లోనా, వైరులోనా, కప్లర్‌లోనా అన్నది మనమే తేల్చుకోవాలి.

ఒకటో సెన్సర్ అంటే ఏది? నా కారులో మూడు కనిపిస్తున్నాయి.

ఇంజిన్‌కు దగ్గరగా ఉన్నది ఒకటి, అక్కడి నుంచి పొగ వెళ్లే వైపు రెండు, మూడు. కానీ టర్బో ముందు సెన్సర్ లేని మోడళ్లలో టర్బో తర్వాతిదే ఒకటో నంబర్ అవుతుంది. ఊహించొద్దు, ఆ మోడల్ వైరింగ్ బొమ్మ చూడండి. అది దొరక్కపోతే స్కానర్‌లో లైవ్ డేటా (అప్పటికప్పుడు మారే రీడింగులు) పెట్టుకుని ఒక్కో కప్లర్ ఊడదీయండి. ఏ రీడింగ్ ఎగిరిపడితే అది దానిదే. ఇందువల్ల కొత్త కోడ్లు పడతాయి, చివర్లో చెరిపేస్తే సరి. నంబర్ తప్పుగా లెక్కపెట్టి బాగున్న సెన్సర్‌ని విప్పడం ఈ పనిలో అన్నిటికంటే చేదు. మంచి సెన్సర్ కూడా విప్పేటప్పుడు విరగొచ్చు మరి.

మల్టీమీటర్ లేదు, మామూలు స్కానర్ ఉంది. దానితో ఏమైనా తేలుతుందా?

చాలా తేలుతుంది. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి అన్ని టెంపరేచర్లూ చదవండి. కూలెంట్, లోపలికి వచ్చే గాలి, ఎగ్జాస్ట్ సెన్సర్లు అన్నీ దాదాపు ఒకే అంకె చూపాలి, ఐదారు డిగ్రీల తేడా పట్టించుకోనక్కర్లేదు. అన్నీ 27, 28 చూపిస్తుంటే ఒకటి మాత్రం 90 చూపిస్తోందంటే వేలు పెట్టి చూపించాల్సినది అదే. మిగతా పరీక్షలన్నిటి కంటే నేను దీన్నే ముందు నమ్ముతాను. పైసా ఖర్చు లేదు, బండి కిందికి దూరే పని లేదు, చేయి కాలే ప్రమాదం అసలే లేదు.

తర్వాత స్టార్ట్ చేసి చూస్తూ ఉండండి. ఇంజిన్‌కు దగ్గరున్నది ముందు కదలాలి, దూరంగా ఉన్నవి తీరిగ్గా పెరగాలి. డీపీఎఫ్ తర్వాతి సెన్సర్ ఐడ్లింగ్‌లో నిమిషాల తరబడి బద్ధకంగా ఉండటం లోపం కాదు. ఆ ఫిల్టర్ బరువంతా వేడెక్కాలి కదా. ఒక అంకె అసలు కదలకుండా మొండికేసినా, వేడెక్కే కొద్దీ ఉన్నట్టుండి వందల డిగ్రీలు దూకినా అనుమానించాలి. ఒక చిక్కుంది: కోడ్ ఒకసారి పడ్డాక కొన్ని ఈసీయూలు అసలు రీడింగ్ పక్కనపెట్టి తామే ఊహించిన అంకె చూపిస్తాయి. అది నిజం అంకెలాగే కనిపిస్తుంది. కాబట్టి ముందు కోడ్లు రాసిపెట్టుకుని, చెరిపేసి, ఆ తర్వాత చదవండి. సెన్సర్ వోల్టేజ్ కూడా చూపించే స్కానర్ అయితే దాన్నే చూడండి.

మల్టీమీటర్‌తో కొలిస్తే ఎన్ని ఓమ్స్ రావాలి?

సెన్సర్ ఏ రకమో తెలియకుండా ఓమ్స్ చూసి తీర్పు చెప్పలేం. కార్లలో ఎక్కువగా కనిపించే పీటీ200 రకంలో ప్లాటినం ఉంటుంది, వేడితో పాటు రెసిస్టెన్స్ పెరుగుతుంది. సున్నా డిగ్రీల దగ్గర 200 ఓమ్స్, 25 నుంచి 30 డిగ్రీల మధ్య సుమారు 220, నూరు డిగ్రీల దగ్గర 277 ప్రాంతంలో ఉంటుంది. చల్లటి ఇంజిన్ మీద కప్లర్ ఊడదీసి సెన్సర్ వైపు రెండు పిన్నుల మధ్య కొలిస్తే 220కి అటూ ఇటూ రావాలి. అనంతం చూపిస్తే లోపల తెగింది. పదీ ఇరవై ఓమ్స్ చూపిస్తే షార్ట్ అయింది. ఒక పిన్నుకీ సెన్సర్ లోహపు ఒంటికీ మధ్య కూడా కొలవండి. అక్కడ రీడింగ్ వస్తే లోపల ఇన్సులేషన్ పోయినట్టే.

రెండో రకం ఎన్‌టీసీ, వేడి పెరిగే కొద్దీ రెసిస్టెన్స్ పడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు వేల ఓమ్స్ నుంచి లక్షల దాకా ఉంటుంది. మీటరు చిన్న రేంజ్‌లో ఉంటే తెగిపోయినట్టే చూపిస్తుంది. దీన్ని చూసి సెన్సర్ పోయిందని తీసి పారేసినవాళ్లు ఎందరో. మీటరు పెద్ద రేంజ్‌లో పెట్టి, సెన్సర్ బయట ఉంటే హాట్ ఎయిర్ గన్‌తో కొన వేడి చేస్తూ చూడండి. అంకె తడబడకుండా దిగుతుంటే అది బతికే ఉంది.

వైర్ల మధ్యలో చిన్న డబ్బా ఉండి, మూడు నాలుగు వైర్లు కప్లర్‌కు వెళ్తుంటే అది థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహాల తీగల జోడుతో వేడి కొలిచేది) రకం కావచ్చు. లోపల ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, ఓమ్స్ కొలిచి లాభం లేదు. దానికి కరెంటు, ఎర్త్ సరిగా అందుతున్నాయో చూసి, మిగతాది స్కానర్ రీడింగ్‌తోనే తేల్చుకోవాలి.

సెన్సర్ పోయిందా, వైరింగ్ పోయిందా? ఎలా తేల్చాలి?

రెండు వైర్ల సెన్సర్ అయితే పది నిమిషాల పని. లైవ్ డేటా చూస్తూ కప్లర్ ఊడదీయండి. రీడింగ్ ఒక చివరికి వెళ్లాలి. పీటీ200 అయితే బాగా వేడి వైపు, ఎన్‌టీసీ అయితే బాగా చల్లటి వైపు. ఇప్పుడు ఈసీయూ వైపు కప్లర్‌లో ఆ రెండు పిన్నులనూ సన్నని వైరుతో కలపండి. రీడింగ్ రెండో చివరికి దూకాలి. రెండుసార్లూ సరిగ్గా దూకిందంటే అక్కడి నుంచి ఈసీయూ దాకా వైరింగ్‌లో తెగడం గానీ షార్ట్ గానీ లేదు, అనుమానం సెన్సర్ మీదికి వచ్చినట్టే. దూకకపోతే సెన్సర్ జోలికి పోకండి, వైరు వెంబడి వెళ్లండి. మూడు నాలుగు వైర్లున్న వాటికి పిన్నులు కలిపే ఈ పరీక్ష పనికిరాదు, కరెంటు వైరు షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

రెండు చోట్ల ఒకే పార్ట్ నంబర్ సెన్సర్లుండి, కప్లర్లు అందేంత దగ్గరుంటే ఆ రెండూ మార్చి పెట్టి చూడొచ్చు. కోడ్ నంబర్ కూడా మారితే సెన్సర్‌దే తప్పు, మారకపోతే వైరింగ్‌ది.

లైటు వస్తుంది, పోతుంది. షెడ్డుకు తీసుకెళ్తే అంతా బాగానే ఉంటుంది.

లూజ్ కాంటాక్ట్ వెతకాలి. ముందు సెన్సర్ నట్టు వెనక వైరు బయటికొచ్చే చోటు చూడండి. అదురుకి లోపలి తీగ సన్నగా చిట్లుతుంది, చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని, వేడికి విడిపోతుంది. అక్కడ వైరును మెల్లగా అటూ ఇటూ వంచుతూ మీటరు చూడండి, అంకె ఒక్కసారి ఎగిరినా చాలు.

తర్వాత వైరు దారి. దాన్ని పట్టి ఉంచే క్లిప్పు విరిగితే వైరు జారి టర్బో హీట్ షీల్డ్ అంచు మీద పడుతుంది. బయటి నుంచి చూస్తే తొడుగు కొంచెం నల్లబడినట్టు మాత్రమే ఉంటుంది. చేత్తో తిప్పి వెనక వైపు చూస్తే గోరంత మేర కరిగి, లోపలి రాగి తళుక్కుమంటూ ఉంటుంది. ఇక కప్లర్: ఊడదీసి టార్చి వేయండి. పిన్ను మొదట్లో పచ్చని పొడి ఉంటే నీళ్లు దిగాయి. పీటీ200 సర్క్యూట్‌లో డిగ్రీకి సుమారు 0.7 ఓమ్ మాత్రమే మారుతుంది. అంటే కిలుం పట్టిన పిన్ను అదనంగా 7 ఓమ్స్ కలిపితే ఈసీయూకి పది డిగ్రీలు ఎక్కువ కనిపిస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, రబ్బరు సీలు చిరిగిందేమో చూసి, పిన్నులు బిగువుగా పట్టుకుంటున్నాయో లేదో పరీక్షించండి. చాలా బండ్ల జబ్బు ఇక్కడితోనే కుదురుతుంది.

సెన్సర్, వైరింగ్ రెండూ బాగున్నాయి. అయినా రీడింగ్ నమ్మేలా లేదని కోడ్ వస్తోంది.

అయితే సెన్సర్ నిజమే చెబుతోందేమో ఆలోచించండి. సెన్సర్ ముందు పైపు జాయింట్ లీకైతే అక్కడ వేడి తగ్గుతుంది. క్యాటలిస్ట్ నీరసించిపోతే మసి కాల్చే సమయంలో డీపీఎఫ్ ముందు రావాల్సిన వేడి రాదు. ఇంజెక్టర్ కారుతుంటే ఎక్కువ వస్తుంది. ఇలాంటప్పుడు ఎన్ని సెన్సర్లు మార్చినా అదే కోడ్ మళ్లీ వస్తుంది. థర్మామీటర్లు ఎన్ని మార్చినా జ్వరం తగ్గదు కదా.

పాతదాన్ని తుడిచి వాడొచ్చా?

మసి పడితే స్పందన కాస్త మందగిస్తుంది తప్ప సెన్సర్ పాడవదు. తుడిస్తే తెగిన తీగ అతుక్కోదు కూడా. తుడవడానికే విప్పాల్సిన పనిలేదు.

కొత్తది కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

పాతదాని మీదున్న పార్ట్ నంబర్. ఇంజిన్ ఒకటే అయినా స్థానాన్ని బట్టి వైరు పొడవు, కప్లర్ ఆకారం, మొన పొడవు, వంపు మారతాయి. పీటీ200 ఉన్నచోట ఎన్‌టీసీ పెడితే బిగుస్తుంది, పని చేయదు. వైరు పొట్టిగా ఉందని మధ్యలో కోసి అతుకులు వేయొద్దు. పైన చెప్పిన కొద్దిపాటి ఓమ్స్ లెక్క అతుక్కీ వర్తిస్తుంది. థర్మోకపుల్‌కైతే రాగి అతుకు పడితే అంకె పూర్తిగా తప్పుతుంది.

అన్నీ ఒకేసారి మార్చమంటారు కొందరు. డీపీఎఫ్ ఎలాగూ కిందికి దింపుతున్నప్పుడు, ఇంకో సెన్సర్ చేయి పట్టని చోట ఉన్నప్పుడు తప్ప అందులో అర్థం లేదు.

విరక్కుండా విప్పడం ఎలా?

ఓపికతో. ముందురోజే థ్రెడ్ దగ్గర తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, రాత్రికి ఇంకోసారి కొట్టండి. విప్పే రోజు ఇంజిన్‌ని కొద్దిసేపు నడిపి, పైపు గోరువెచ్చగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టండి. మసి కాల్చిన వెంటనే దగ్గరికి వెళ్లకండి, అప్పటి వేడికి గ్లౌజు కూడా ఆగదు. బండి కింద పడుకునేటప్పుడు జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి.

నట్టు సైజు తరచుగా 17 లేదా 19 ఎంఎం. మామూలు స్పానర్ మూలలు తినేస్తుంది. వైరు దూరేలా పక్కన చీలిక ఉన్న సాకెట్ వాడండి. సెన్సర్ ఎలాగూ పోయిందని తేలిపోతే వైరు కోసేసి, లోతైన ఆరు మూలల సాకెట్ వేయడం ఇంకా మేలు. ఒక్క పట్టున తిప్పేయకుండా కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ స్ప్రే కొట్టి, అలా ముందుకూ వెనక్కూ ఆడించాలి.

ఈ సెన్సర్లలో చాలావాటికి నట్టు వేరు, లోపలి గొట్టం వేరు. నట్టు తిరుగుతుంటే పని అయిపోయిందనుకుంటాం. గొట్టం మాత్రం మసికీ తుప్పుకీ పైపులో పట్టేసి ఉంటుంది. అప్పుడు కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగితే సగం చేతికి, సగం లోపలికి. నట్టు పూర్తిగా వదిలాక గొట్టాన్ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ, స్ప్రే కొడుతూ తీయండి.

విరిగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

టర్బో ముందైతే ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. విరిగిన ముక్క టర్బో రెక్కల్లో పడితే టర్బో పోతుంది. ఆ భాగం దింపి ముక్క బయటికి తీయాల్సిందే. థ్రెడ్ మాత్రమే చెడితే సరైన ట్యాప్ (థ్రెడ్ కోసే పనిముట్టు) వేసి సరిచేయొచ్చు. చాలావాటికి ఎం14×1.5 సైజు, కానీ వేరేవీ ఉన్నాయి, కొలిచి చూసుకోండి. ట్యాప్‌కి గ్రీజు రాస్తే లోహపు పొట్టు దానికే అంటుకుంటుంది, లోపల పడదు. థ్రెడ్ పూర్తిగా పోతే కొత్త బాస్ (సెన్సర్ బిగించే థ్రెడ్ ఉన్న లోహపు ముక్క) వెల్డింగ్ చేయించాలి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీసేయడం మరవద్దు.

కొత్తది బిగించేటప్పుడు?

చాలా కొత్త సెన్సర్ల థ్రెడ్‌కి పేస్టు పూసే వస్తుంది, మీరు ఇంకా పూయనక్కర్లేదు. లేకపోతే ఎక్కువ వేడికి ఆగే యాంటీ సీజ్ పేస్టు థ్రెడ్‌కి మాత్రమే పూయండి, కొనకు అంటనివ్వకండి. మొదటి నాలుగు చుట్లు చేత్తోనే తిప్పాలి. ఎం14 సైజుకు బిగింపు తరచుగా 30 నుంచి 45 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతారు, మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్నదే ఖాయం చేసుకోండి. నట్టు బిగుస్తున్నప్పుడు వైరు మెలి పడకుండా చూడండి. నట్టు దగ్గర వైరును టక్కున మడవొద్దు. పాత దారిలోనే నడిపి, ప్రతి క్లిప్పూ మళ్లీ పెట్టండి. క్లిప్పు విరిగితే కొత్తది వేయండి. ప్లాస్టిక్ జిప్ టై ఆ వేడికి నిలవదు.

బిగించాక లైటు దానంతట అదే పోతుందా?

కోడ్ చెరిపేస్తే పోతుంది. చెరపకపోతే కొన్నిసార్లు స్టార్ట్ చేసి నడిపాక ఈసీయూ తనే ఆర్పుతుంది. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ పరీక్ష మళ్లీ చేయండి, కొత్తది మిగతావాటితో కలవాలి.

తర్వాత మసి సంగతి చూడాలి. సెన్సర్ పనిచేయనన్ని రోజులూ డీపీఎఫ్ శుభ్రపడలేదు. స్కానర్‌లో మసి ఎంతుందో చూసి, కొద్దిగానే ఉంటే ఆగకుండా ఇరవై ముప్పై నిమిషాలు హైవే మీద నడిపితే దానంతట అదే కాలుతుంది. బాగా పేరుకుంటే స్కానర్‌తో బలవంతంగా కాల్పించాలి. అది ఎండుగడ్డి మీద గానీ, మూసిన షెడ్డులో గానీ చేయొద్దు. ఈసీయూ హద్దు దాటిందని ఒప్పుకోకపోతే ఫిల్టర్ దింపి శుభ్రం చేయించడమే. ఇంజిన్ ఆయిల్ డిప్ స్టిక్ కూడా తీసి చూడండి. మధ్యలో ఆగిపోయిన ప్రయత్నాల్లో డీజిల్ ఆయిల్‌లోకి దిగి మట్టం పెరిగి ఉండొచ్చు. గరిష్ఠ గుర్తు దాటితే మసిని బలవంతంగా కాల్పించడానికి ముందే ఆయిల్ మార్చండి.

సెన్సర్ బదులు ఒక రెసిస్టర్ పెడితే లైటు ఆరిపోతుందంటున్నారు.

ఆరిపోవచ్చు, కొన్ని రోజులు. ఇంజిన్ చల్లగా ఉన్నా, మసి మండుతున్నా అదే అంకె చూపించే సెన్సర్‌ని ఈసీయూ త్వరలోనే పట్టేస్తుంది. పట్టుకోకపోతే ఇంకా ప్రమాదం. ఫిల్టర్ లోపల ఎంత మండుతోందో తెలియకుండానే డీజిల్ పోస్తూ ఉంటుంది.

కొత్త సెన్సర్ కొద్ది నెలలకే మళ్లీ పోయింది. పార్ట్ నాసిరకమా?

కావచ్చు. కానీ రెండోసారి పోయినప్పుడు దాన్ని చంపుతున్నదేంటో వెతకాలి. హీట్ షీల్డ్ ఊడి వైరు మాడుతోందా, సైలెన్సర్ రబ్బరు మౌంట్లు తెగి పైపు మొత్తం అదురుతోందా, డీపీఎఫ్ మరీ తరచుగా కాలుతోందా చూడండి. ఇంజిన్ మౌంటింగ్ అరిగితే ఇంజిన్ ఊగినప్పుడల్లా వైరు లాగబడుతుంది. వైరు మరీ బిగుతుగా ఉంటే ఒక క్లిప్పు తప్పు చోట పెట్టినట్టే. పాత సెన్సర్‌ని పారేయకుండా తెగిన చోటు చూడండి: కప్లర్ వైపు తెగితే లాగుడు వల్ల, నట్టు దగ్గర చిట్లితే అదురు వల్ల, తొడుగు కరిగి ఉంటే వేడి వల్ల అయ్యే అవకాశం ఎక్కువ.